అందరూ చెప్పే జవాబు

పోయిన వారం బన్నక్కను బేకరీ వెనక గదిలో, పిండి బస్తాలకు ఆనుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. వీధిలో జీపు ఆగింది. సగం దించిన షట్టరు కింద నుంచి ముందు ఒక జత బూట్లు, వాటి వెనక ఒక జత చెప్పులు లోపలికి వచ్చాయి. బూట్లు ఇన్‌స్పెక్టరువి. చెప్పులు డాక్టరమ్మవి. రెండింటిలో దేనికి ఎక్కువ భయపడాలో బన్నక్కకు తెలియలేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆ వీధిలో ఆవిణ్ణి అసలు పేరు పెట్టి పిలిచే నాథుడు లేడు. పొద్దున్నే వేడి వేడి బన్నులు అమ్ముతుంది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆమె బన్నక్కే. వాళ్ళకు స్కూలుకెళ్ళే కూతురు ఒకతి. పొయ్యి దగ్గర ఉండేది బన్నక్క భర్త. ఆయన్ని అందరూ మాస్టరంటారు. బన్నక్కకు పుట్టింటి తరఫున మిగిలినవాడు తమ్ముడొక్కడే. చదువుకునే వయసులో అతనికి స్కిజోఫ్రీనియా వచ్చింది. ఆస్పత్రులూ మందులూ అయ్యాక, కొన్నేళ్ళుగా బేకరీని ఆనుకునే ఉన్న అక్క ఇంట్లో ఉంటూ బేకరీలో ట్రేలు కడుగుతాడు, సామాను సర్దుతాడు.

నిన్న పొద్దున మాస్టరు తల్లి, అంటే బన్నక్క అత్తగారు, టీలో చక్కెర కలుపుకుందామని వెనక గది అలమరలోంచి స్టీలు డబ్బా తీసింది. డాక్టర్లు ఆమెను చక్కెర ముట్టుకోవద్దన్నారు. అందుకని ఆ పని ఎప్పుడూ ఎవరూ చూడకుండానే చేస్తుంది. డబ్బాలో ఉన్నది చక్కెర కాదు, జిడ్డు పట్టిన ట్రేలనూ పూడుకుపోయిన తూములనూ శుభ్రం చేసే కాస్టిక్ సోడా. ఒక్క గుక్కకే నోరూ గొంతూ కాలిపోయి, పెద్దావిడ ఆస్పత్రిలో పడింది.

ఆ డబ్బా అక్కడికి ఎలా వచ్చింది? వీధికి ఈ ప్రశ్నతో పని పడలేదు. ఆ ఇంట్లో మతి స్థిమితం లేనివాడు ఒకడున్నాడు, జరగరానిది జరిగింది, ఇంక ఆలోచించడం దేనికి? ఎప్పుడో జబ్బు ముదిరిన రోజుల్లో అతను ఒక కిటికీ అద్దం పగలగొట్టాడు. ఆనాటి నుంచీ ఆ చుట్టుపక్కల ఏ అద్దం పగిలినా అతని లెక్కలోకే పోయేది. బంతాట ఆడే పిల్లలకు అది బాగా కలిసొచ్చింది.

ఇన్‌స్పెక్టరు ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. లావుపాటి మనిషి, మెత్తగా మాట్లాడతాడు. కసురుకునే పోలీసుతో అయితే బన్నక్క కూడా కయ్యిమని లేచేదే. ఈ మెత్తదనానికి మాత్రం పిండి బస్తాలకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

“చూడండమ్మా, నాకు ఎవరి మీదా కోపం లేదు. మీ తమ్ముడు కావాలని చేశాడని కూడా నేననడం లేదు. కానీ ఇలాంటి మనిషిని తినే వస్తువుల మధ్య వదిలేస్తే ఇవాళ మీ అత్తగారు, రేపు బన్ను కొనుక్కునే పిల్లలు. పెద్దాస్పత్రిలో తాళం వేసి ఉంచే వార్డుందిగా, అందులో మంచం ఖాళీగా ఉందట. అతని బాధ్యత మీది కాబట్టి మీరు సరే అనాలి. డాక్టరుగారు కూడా సరేనంటే చీకటి పడకముందే తీసుకెళ్ళిపోతాం.”

“ఎన్నాళ్ళుంచుతారు?”

“అది నా చేతిలో ఉండదమ్మా.”

ఆ వార్డు బన్నక్కకు తెలుసు. తమ్ముడు ఒకసారి అక్కడ ఉండి వచ్చాడు. వచ్చాక చాన్నాళ్ళు చెంచా పట్టుకోవడం మర్చిపోయాడు. గది తలుపు తీసే ఉన్నా, ఎవరైనా వెళ్ళమనే దాకా గడప దాటేవాడు కాదు. మళ్ళీ మనిషిని చేసుకోవడానికి ఆమెకు ఎంత కాలం పట్టిందో, ఎన్ని రాత్రులు కంటి మీద కునుకు లేకుండా గడిచాయో ఆమెకే ఎరుక. ఇంకోసారి పంపితే ఈసారి వెనక్కి వచ్చేది తన తమ్ముడు కాడని ఆమెకు గట్టిగా అనిపించింది.

మాస్టరు చల్లారిన పొయ్యి పక్కన నిలబడి ఉన్నాడు. రాత్రంతా ఆస్పత్రిలో తల్లి మంచం పక్కనే కూర్చుని వచ్చాడేమో, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

“ఒప్పుకోక ఏం చేస్తుంది సార్? మా అమ్మ గొంతులో గొట్టం వేసుకుని పడి ఉంది. ఇంకా వీడి మీద జాలి చూపించమంటే నా వల్ల కాదు.”

“ముందు నేనతనితో మాట్లాడతాను,” అంది డాక్టరమ్మ. నెరిసిన జుట్టు, భుజానికి బట్టసంచి. తమ్ముడికి మందులు రాసేది ఆవిడే. “మొన్న ఇంటికి వచ్చి చూసి, చాలా బాగున్నాడు, మందు తగ్గిద్దాం అని నా నోటితో నేనే చెప్పి వెళ్ళాను. ఆ మర్నాడే ఇలా జరిగింది. నేను ఎక్కడ పొరబడ్డానో నాకు తెలియాలి.”

తమ్ముణ్ణి పిలిచారు. ట్రేలు తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని వచ్చాడు. నిన్నటి నుంచీ ఆ గుడ్డ వదలడం లేదు. వస్తూనే మాస్టరు వైపు చూసి, “పెద్దమ్మకి నొప్పి తగ్గిందా బావా?” అని అడిగాడు.

“నోరు ముయ్యి!” అన్నాడు మాస్టరు. 

తమ్ముడు నోరు మూసుకున్నాడు. డాక్టరమ్మ అతన్ని పిండి పిసికే బల్ల ముందు కూర్చోబెట్టి, సంచిలోంచి బొమ్మల చీట్లు తీసింది. నాలుగు బొమ్మలు పరుస్తుంది. వాటిలో మిగతావాటితో కలవనిది ఏదో తీసి పక్కన పెట్టాలి, అంతే పని. పిల్లి, కుక్క, ఆవు, కుర్చీ. తమ్ముడు తడుముకోకుండా కుర్చీ తీశాడు. చొక్కా, టోపీ, కోటు, పుస్తకం. పుస్తకం తీశాడు. ప్రతిసారీ ఠక్కున చెప్పాడు, ప్రతిసారీ సరిగ్గానే చెప్పాడు.

“ఇంత తెలివున్నవాడికి కాస్టిక్‌కీ చక్కెరకీ తేడా తెలీదా?” అన్నాడు మాస్టరు.

బన్నక్క తల వంచుకుంది. ఈ జవాబులు ఎలా వచ్చాయో అక్కాతమ్ముళ్ళకు తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. మొట్టమొదటిసారి డాక్టరమ్మ ఈ బొమ్మలే చూపించినప్పుడు తమ్ముడు కుర్చీ తీయలేదు, కుక్కను తీశాడు. ఎందుకంటే, “పిలిస్తే వచ్చేది అదొక్కటే” అన్నాడు. డాక్టరమ్మ నవ్వింది కానీ, మందు తగ్గించే మాట మాత్రం వాయిదా వేసింది. ఆ మందుకు అతని చేతులు వణుకుతాయి, పెదవి చివర తడి ఆగదు. ఇరవై తొమ్మిదేళ్ళ తమ్ముడు వీధిలో మూతి తుడుచుకుంటూ నడుస్తుంటే చూడలేక, బన్నక్క పాత పత్రికల్లో బొమ్మలు కత్తిరించి, మధ్యాహ్నాలు బేరాలు లేనప్పుడు కూర్చోబెట్టి నేర్పింది. నీకు తోచింది చెప్పకు నాన్నా, అందరూ ఏం చెప్తారో చూసి అది చెప్పు అని బతిమాలింది. అతను బుద్ధిగా నేర్చుకున్నాడు.

డాక్టరమ్మ ఆ చీట్లు ఎత్తి పక్కన పెట్టింది. సంచి అడుగు నుంచి కొత్తవి తీసి, “అమ్మా, మీరొచ్చి నా వెనక, అటు తిరిగి నిలబడండి” అంది.

ఆమె కనిపెట్టేసిందని బన్నక్కకు అర్థమైంది. గోడవైపు తిరిగి నిలబడింది.

సబ్బు, తువ్వాలు, దువ్వెన, సుత్తి. ఈసారి జవాబు వెంటనే రాలేదు. కుర్చీ కిర్రుమంది. అక్క మొహం కోసం తమ్ముడు అటూ ఇటూ వెతుక్కుంటున్నాడని ఆమె చూడకుండానే తెలుసుకుంది.

“అందరూ... సుత్తి అంటారు కదా?”

“అందరి సంగతి వదిలెయ్. నువ్వేమంటావు?”

“అక్క కోప్పడుతుంది.”

“కోప్పడదు. చెప్పు.”

“సబ్బు. అదొక్కటే అరిగి అయిపోతుంది. మిగతావి మనం పోయాక కూడా ఉంటాయి.”

ఇన్‌స్పెక్టరు స్టూలు మీద అటునుంచి ఇటు కదిలాడు.

“తప్పని అనలేను,” అంది డాక్టరమ్మ నెమ్మదిగా. “కానీ సుత్తిని ఎదురుగా పెట్టుకుని సబ్బు అరిగిపోవడం గురించి మనమెవరం ఆలోచించం. ఈ జబ్బున్న అందరూ ఇలాగే ఆలోచిస్తారని కూడా కాదు, ఇతని సంగతి చెప్తున్నాను. మనకు ఒక వస్తువు చూడగానే దాని వాడుక కనబడుతుంది. మిగతా గుణాలు ఎవరైనా అడిగితేనే గుర్తొస్తాయి. ఇతనికి అన్నీ ఒకేసారి ముందుకొచ్చి నిలబడతాయి. ఏది ముఖ్యమో, ఏది కాదో తేల్చే పని లోపల ఎవరూ చెయ్యరు.”

“డాక్టరుగారూ, ఈ పాఠం నాకెందుకు చెప్పండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, అప్పుడు కూడా మెత్తగానే. తమ్ముడి వైపు వంగాడు. “ఏమయ్యా, నాది ఒకటే ప్రశ్న. ఆ డబ్బా చక్కెర డబ్బా ఉండే చోట పెట్టిందెవరు?”

తమ్ముడు ఇన్‌స్పెక్టరు మొహం చూశాడు. బావ మొహం చూశాడు. షట్టరు కింద వీధిలో గుమిగూడిన కాళ్ళకేసి చూశాడు. బన్నక్క గోడ మీద నుంచి కళ్ళు తిప్పేసరికి అతని పెదవులు కదులుతున్నాయి. మధ్యాహ్నాల్లో జవాబు వెతుక్కునేటప్పుడు అచ్చం అలాగే కదిలేవి. ఆమె గోడ వదిలి అతని వైపు ఒక అడుగు వేసింది.

“వద్దు నాన్నా...”

“నేనే,” అన్నాడు తమ్ముడు.

మాస్టరు అరచేత్తో బల్ల మీద చరిచాడు. పిండి లేచింది. “విన్నారుగా! ఇంకేం కావాలి?”

“ఎందుకు పెట్టావు?” ఇన్‌స్పెక్టరు అడిగాడు.

తమ్ముడు తెల్లమొహం వేశాడు. ఆ ప్రశ్నకు జవాబు అందరి మొహాల్లోనూ వెతికాడు. దొరకలేదు. “నేనే పెట్టానని అందరూ అంటున్నారు కదండీ,” అన్నాడు చివరికి.

“ఇది ఒప్పుకోలు కాదు, జవాబు అప్పజెప్పడం,” అంది డాక్టరమ్మ. “వీళ్ళక్క నేర్పిన పద్ధతి. నాకంటే బాగా ఆవిడకే తెలుసు.”

బన్నక్క మొహం కందిపోయింది. అయినా ఇంక సిగ్గుపడుతూ కూర్చుంటే కుదరదు. తమ్ముడి ముందుకొచ్చి కింద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది. “ఒరేయ్, నా వైపు చూడు. అందరూ ఏమన్నా అననీ. కాస్టిక్ సంచి వచ్చిందే, అది నువ్వేం చేశావు? నీకు గుర్తున్నది చెప్పు.”

“సంచి తడిసి చిరిగింది. చక్కెర డబ్బా ఖాళీగా ఉంటే కడిగి, తుడిచి, అందులో పోశాను.”

“పోసి ఎక్కడ పెట్టావు?”

“దాని చోట్లో.”

“అంటే ఎక్కడ?”

ఇంత తేలిక ప్రశ్న అడుగుతారేమిటన్నట్టు చూసి లేచాడు. నలుగురూ అతని వెనక నడిచారు. అలమర వైపు కాదు, ట్రేలు కడిగే తొట్టి వైపు వెళ్ళాడు. తొట్టి కింద, గోడ మూలన ఆగి వేలు పెట్టి చూపించాడు. అక్కడిప్పుడు బోర్లించిన బకెట్టు, మడతపెట్టిన గుడ్డలు తప్ప ఏమీ లేవు. నేల తళతళలాడుతోంది.

“ఇక్కడ. కరిచేవాటితో.”

“కరిచేవేంటయ్యా?” ఇన్‌స్పెక్టరు కనుబొమ్మలు లేచాయి.

“ఊరుకున్నట్టే ఉండి కరిచేవి. పగిలిన బల్బు. పిడి ఊడిన కత్తి. ఎలకల బోను. బావ పాత ఫోను.”

“ఫోను కరుస్తుందా?”

“అది మోగితే బావ ఆ రోజంతా కేకలేస్తాడండీ.”

ఇన్‌స్పెక్టరుకు నవ్వు వచ్చి మీసం తడుముకున్నాడు. మాస్టరు మాత్రం నవ్వలేదు.

“ఇంకా ఎవరిదో కళ్ళజోడు,” అన్నాడు తమ్ముడు, గొంతు తగ్గించి. “బల్ల మీద మర్చిపోయారు. వాళ్ళు ఇంట్లో కూర్చుని దాంట్లోంచి నన్ను చూస్తున్నారు. అందుకని అద్దాలు గోడకేసి తిప్పి పెట్టాను.”

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. డాక్టరమ్మ నిట్టూర్చింది. “చూశారా? బల్బు, కత్తి, బోను, కాస్టిక్ ఒకచోట పెట్టాడంటే మనమూ ఒప్పుకుంటాం. ఫోనుకి నవ్వుకుంటాం. కళ్ళజోడు మాత్రం జబ్బు. ఇతనికి అవన్నీ ఒకటే, ఒకే లెక్కన పెట్టాడు. చిక్కంతా అక్కడే ఉంది.” ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. “దాంట్లో కాస్టిక్ ఉందని ఎవరికైనా చెప్పావా?”

“చెప్పడమెందుకండీ? ఇక్కడ పెట్టాను కదా,” అన్నాడతను. వాటి పక్కన పెట్టడమే చెప్పడం అని అతని నమ్మకం.

“సరే, అతను ఇక్కడ పెట్టాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “మరి ఇక్కణ్ణుంచి అలమరలోకి డబ్బా నడిచి వెళ్ళిందా?”

బన్నక్క ఆ తళతళలాడే నేల వంకే చూస్తోంది. అంత శుభ్రంగా తోమింది ఎవరు? తనే. మొన్న డాక్టరమ్మ వస్తుందన్న కబురు వినగానే, ముందు రోజు సాయంత్రం చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆ మూల పని పట్టింది. డాక్టరమ్మ కంట్లో ఈ చెత్త పడకూడదు, తమ్ముడు అందరిలాగే సామాను సర్దుతాడని అనుకోవాలి, మందు తగ్గాలి. అదొక్కటే ఆలోచన. బల్బూ బోనూ కత్తీ అన్నీ ఒక అట్టపెట్టెలో పడేసి అటక మీదికి తోసింది. వాటి మధ్య నిక్షేపంలాంటి స్టీలు డబ్బా కనబడింది. వంట డబ్బాల వరసలో చక్కెర డబ్బా చోటు ఖాళీగా ఉన్న సంగతి ఆమెకు తెలుసు. మూత తీయలేదు. ఊపి చూసింది, గలగలమంది. వీడికి చక్కెర డబ్బా కూడా చెత్తలోకే వచ్చిందా అని ముద్దుగా విసుక్కుని, తడిగుడ్డతో తుడిచి, తీసుకెళ్ళి వరసలో పెట్టింది.

ఒక్కసారి మూత తీస్తే సరిపోయేది. ఎందుకు తీయలేదు? తమ్ముడు ఎక్కడ ఏం పెట్టినా అది తప్పే అయి ఉంటుందని ఆమె ఎప్పుడో తీర్మానించేసుకుంది కాబట్టి. వీధి అద్దాల విషయంలో చేసిందే, అక్క డబ్బా విషయంలో చేసింది. ప్రేమతో చేసింది, అంతే తేడా.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. అది గుర్తు రాకపోయినా బాగుండేది. తను డబ్బా పెడుతుంటే అత్తగారు ముక్కాలిపీట మీద కూర్చుని చూస్తోంది. “చక్కెరేనా అది?” అని ఆశగా అడిగింది. “చక్కెరే అత్తయ్యా, మీరు అటు చూడకండి,” అని తను నవ్వింది.

ఈ మాట బయటపెడితే ఏమవుతుందో బన్నక్కకు తెలియనిది కాదు. మొగుడు ఇంక మొహం చూడడు. బేకరీకి తాళం పడుతుంది. స్కూలు వదిలే వేళయింది, ఈ గొడవలో ఇవాళ పక్కింటికి రమ్మన్న కూతురికి సాయంత్రం అమ్మ కనబడకపోవచ్చు. చెప్పకపోతే ఏ బాధా లేదు. తమ్ముడు ఎలాగూ నేనే అనేశాడు.

“నేను పెట్టాను,” అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

“అటుమొన్న ఈ మూల శుభ్రం చేసింది నేను. డబ్బా తీసి అలమరలో పెట్టింది నేను. చక్కెరనుకున్నాను. మూత తీసి చూడలేదు. వాడు జాగ్రత్తగా పక్కన పెట్టినదాన్ని నేనే తెచ్చి వంట సామానులో కలిపాను.”

చెప్పేశాక ఆమెకు కాస్త ఊపిరి ఆడింది. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు లేస్తాడు, తన చెయ్యి పట్టుకుంటాడు అనుకుంది. ఇన్‌స్పెక్టరు లేచాడు కానీ, ఆమె వంక చూసిన చూపులో కోపం లేదు. జాలి ఉంది.

“అమ్మా, ఈ ఉద్యోగంలో జుట్టు నెరిసింది. కొడుకు చేస్తే తల్లి నేనంటుంది. తమ్ముడు చేస్తే అక్క నేనంటుంది. అక్కలందరూ ఇంతే. మీ మనసు నాకు తెలుసు.”

“నా మనసు కాదండీ, జరిగింది చెప్తున్నాను!”

“అలాగేనమ్మా. ఎవరైనా చూశారా మీరు పెట్టడం?”

బన్నక్క నోట్లో నీళ్ళు నములుతూ మొగుడి వైపు చూసింది. “అత్తయ్య చూశారు.”

“అమ్మకింకా తెలివి రాలేదు సార్,” అన్నాడు మాస్టరు వెంటనే. “ఎప్పుడొస్తుందో కూడా చెప్పలేమన్నారు.”

“అక్క చెప్పేది తప్పండీ,” అన్నాడు తమ్ముడు మధ్యలో దూరి, అక్కకు సాయం చేస్తున్నాననుకుని. “ఇందాక నేను చెప్పిందే కరెక్టు.”

“నువ్వుండరా!” అని అరిచింది బన్నక్క.

ఇన్‌స్పెక్టరు మాస్టరు వైపు తిరిగాడు. “మీరు చెప్పండి మాస్టరుగారూ. ఆస్పత్రిలో పడి ఉన్నది మీ అమ్మగారు. మీకంటే న్యాయంగా చెప్పేవాళ్ళు ఉండరు. మీ ఆవిడ నిజం చెప్తోందా?”

మాస్టరు చాలాసేపు పెళ్ళాం మొహంలోకి చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకు అంతుపట్టలేదు. కోపమైతే తెలిసేది. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన కోపాలన్నీ ఆమెకు కొట్టిన పిండే.

“లేదు సార్,” అన్నాడు. “తమ్ముడి మీద ప్రేమకొద్దీ అంటోంది. వాణ్ణి తీసుకెళ్ళండి.”

“నేను ఒప్పుకోవడం లేదు,” అంది డాక్టరమ్మ.

“మీరు వార్డుకొచ్చి చూసి, అక్కరలేదనిపిస్తే రేపే పంపించెయ్యండి డాక్టరుగారూ. ఇవాళ ఒక్క రాత్రి కాపలాకు ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు, బయట ఆ జనాన్ని చూడండి. ఇక్కడే వదిలేసి వెళ్తే ఏం చేస్తారో నాకే భయంగా ఉంది.”

అది నిజమే. షట్టరు బయట కాళ్ళు ఇంకా పెరిగాయి. డాక్టరమ్మ చీట్లు సంచిలో సర్దుకుంటూ, “రేపు పొద్దున్నే వార్డులో ఉంటాను,” అంది.

తమ్ముడు చేతిలో ఉన్న గుడ్డను చక్కగా మడిచి తొట్టి అంచు మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టరు భుజం మీద చెయ్యి వేస్తే ఎదురు చెప్పకుండా నడిచాడు. షట్టరు దగ్గర వంగబోతూ ఆగి, వెనక్కి తిరిగి అడిగాడు.

“అక్కా, నేను సరిగ్గానే చెప్పానా?”

బన్నక్క ఏడవలేదు. ఏడిస్తే తప్పు చెప్పాననుకుంటాడు. అతని వెనక పరుగెత్తబోయింది. మాస్టరు జబ్బ పట్టుకుని ఆపాడు. ఉక్కు పట్టు.

“వదలండి!”

“కదలకు,” ఆయన ఆమె చెవి దగ్గర, పళ్ళ బిగువున అన్నాడు. “నువ్వు పెట్టావని నాకు తెలుసు.”

ఆమె బిగుసుకుపోయింది.

“రాత్రే తెలివొచ్చింది అమ్మకి. నా అరచేతిలో వేలితో రాసి చెప్పింది. చక్కెరేనా అని అడిగిందట. చక్కెరే, మీరు అటు చూడకండి అన్నావట.” మాస్టరు పట్టు ఇంకా బిగించాడు. “చక్కెరనుకునే పెట్టావని నాకు తెలుసే. అమ్మకీ తెలుసు. ఎవరికీ చెప్పనని మాటిచ్చి వచ్చాను. నువ్వు లోపలికెళ్తే పిల్లేమవుతుంది, నేనేమవుతాను? వాడు ఎప్పటికైనా అక్కడికి పోయేవాడే. నువ్వు కాదు.”

అబద్ధం చెప్పొద్దు మరి, ఆ క్షణంలో బన్నక్కకు మొగుడి గుండెల మీద తల వాల్చెయ్యాలనిపించింది. రాత్రంతా ఒంటరిగా ఈ బరువు మోసి, పొద్దున్నుంచీ తన కోసం ఇన్ని అబద్ధాలు ఆడిన మనిషి. ఆయన లెక్కలో తప్పేముంది? ఇద్దరిలో ఒకరు పోవాలంటే లోకంలో ఎవరైనా తీసి పక్కన పెట్టేది ఎవరినో ఆమెకు తెలుసు.

బయట జీపు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

ఆమె ఆయన చేతిని విదిలించుకుని షట్టరు కింద నుంచి దూరి వీధిలోకి వచ్చింది. జనం దారి ఇచ్చారు. తమ్ముడు అప్పటికే జీపులో, చెప్పిన చోట చెప్పినట్టు కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు ఒక కాలు పైకి పెట్టాడు.

“ఇన్‌స్పెక్టరుగారూ!” ఆమె కేకకు వీధి మొత్తం ఉలిక్కిపడింది. “మా అత్తగారికి తెలివొచ్చింది. రాత్రే వచ్చింది. నా మాట నమ్మకపోతే మానెయ్యండి. ఆవిడ ఏం చెప్పారో మా ఆయన్ని అడగండి.”

షట్టరు దగ్గర మాస్టరు నిలబడి ఉన్నాడు. అంతసేపూ జీపు మీదున్న కళ్ళన్నీ ఆయన మీదికి మళ్ళాయి.

“మాస్టరుగారూ,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈసారి ఆ గొంతులో మెత్తదనం లేదు. “ఇందాక తెలివి లేదన్నారే?”

మాస్టరు జవాబు కోసం వెతుక్కోలేదు. బన్నక్క వైపు చూడనూ లేదు.

“వచ్చింది సార్. అందుకే అబద్ధం చెప్పాను. వీళ్ళిద్దరిలో ఎవరూ పెట్టలేదు ఆ డబ్బా.” ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. “పెట్టింది నేను. అది చూశాననే అమ్మ చెప్పింది.”

ఇన్‌స్పెక్టరు జీపు మీద పెట్టిన కాలు దించాడు. బన్నక్కను, మాస్టరును, జీపులో కూర్చుని ఎవరి జవాబు సరైనదో తేల్చుకోలేక చూస్తున్న తమ్ముణ్ణి ఒకరి తర్వాత ఒకరిని చూశాడు.

“ఆస్పత్రికి పోనియ్,” అన్నాడు డ్రైవరుతో. “ముగ్గురినీ ఎక్కించు. పెద్దావిడ ఎదురుగానే తేల్చుకుందాం.”